బెర్గ్‌మన్‌కి కామెడీ వచ్చు. మరి ‘ఆల్ దీజ్ విమెన్’ ఎందుకు నవ్వించలేదు?

సీరియస్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు కామెడీ తీసి దెబ్బతిన్నాడంటే, మార్నింగ్ షో వదిలేసరికి బెజవాడలో తీర్పు వచ్చేస్తుంది. “ఆయనకి కామెడీ రాదండీ, ఎందుకు పెట్టుకున్నాడో!” గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల ముందు నిలబడ్డా, బందరు రోడ్డులో టీ కొట్టు దగ్గర ఆగినా ఇదే మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. ఏడిపించే విద్య వేరు, నవ్వించే విద్య వేరు అని మనకో నమ్మకం. ఈ నమ్మకం తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో తేల్చడానికి స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1964లో తీసిన ‘ఆల్ దీజ్ విమెన్’ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ముందు ఆ సమయానికి ఆయన ఎక్కడున్నాడో చూడాలి. 1957లో వచ్చిన ‘ది సెవెంత్ సీల్’లో ఒక యోధుడు మృత్యువుతో చదరంగం ఆడతాడు. సినిమా చూడనివాళ్లకు కూడా ఆ దృశ్యం ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. ఆ తర్వాత ‘ది వర్జిన్ స్ప్రింగ్’కి, ‘త్రూ ఎ గ్లాస్ డార్క్‌లీ’కి వరసగా రెండేళ్లు ఉత్తమ విదేశీ చిత్రం ఆస్కార్లు వచ్చాయి. 1963లో ‘ది సైలెన్స్’ సెన్సార్ విషయంలో స్వీడన్ అంతా గొడవైంది, జనం విరగబడి చూశారు. అదే ఏడాది స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్‌కి అధిపతి అయ్యాడు. దేవుడు మాట్లాడడు, మనిషి ఒంటరివాడు అని ఒకటికి మూడుసార్లు చెప్పిన దర్శకుడి నుంచి తర్వాతి సినిమాగా వచ్చింది ఈ కామెడీ. ఆయన తొలి రంగుల సినిమా కూడా ఇదే.

కథ చిన్నది. ఫెలిక్స్ అనే మహా చెల్లో (వయొలిన్ లాంటి పెద్ద తీగవాద్యం) విద్వాంసుడు ఒక పెద్ద భవనంలో ఏడుగురు స్త్రీల మధ్య ఉంటాడు. అందులో ఒకావిడ భార్య, మిగతావాళ్లు రకరకాల హోదాల్లో ఉంటారు. కార్నేలియస్ అనే విమర్శకుడు ఆయన జీవితచరిత్ర రాస్తానని ఆ ఇంటికొస్తాడు. అసలు పని వేరే. తను కట్టిన ఒక బాణీని ఫెలిక్స్ చేత వాయింపించుకోవాలి. వాయిస్తే చరిత్రలో నిలబెడతాను అని బేరం. ఫెలిక్స్ మాత్రం చిక్కడు. విమర్శకుడు ఆడవేషం కూడా వేస్తాడు. చివరికి ఆ బాణీ వాయించబోయే ముందే ఫెలిక్స్ చచ్చిపోతాడు. నిజానికి సినిమా మొదలయ్యేదే ఆయన శవపేటిక దగ్గర. భార్యా ప్రియురాళ్లూ ఒక్కొక్కరే వచ్చి చూసి వెళుతుంటారు.

కాగితం మీద ఇది బ్రహ్మాండమైన కామెడీ. చావింట్లో పోటీ, పేరు కోసం పాకులాట, కళాకారుడి ఇంట్లో ఏడుగురు ఆడవాళ్లు! మన పరిషత్ నాటకాలవాళ్లకి ఈ ముడిసరుకు దొరికితే జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి పంపేవారు. తెర మీద మాత్రం తేలిపోయింది. విమర్శకులు కొట్టిపారేశారు, ‘సైలెన్స్’కి వచ్చిన జనం దీనికి రాలేదు. బెర్గ్‌మన్ సినిమాల్లో ఏవి బాగా రాలేదని ఎవరు జాబితా రాసినా దీనికి చోటు ఖాయం.

ఇక్కడ “ఆయనకి కామెడీ రాదండీ” అని వ్యాసం ముగించేయవచ్చు. కానీ ఇదే బెర్గ్‌మన్ అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1955లో ‘స్మైల్స్ ఆఫ్ ఎ సమ్మర్ నైట్’ తీశాడు. 1956లో ఫ్రాన్స్‌లోని కాన్ (కేన్స్) చిత్రోత్సవం దానికి కవితాత్మక హాస్యానికని ప్రత్యేకంగా బహుమతి ఇచ్చింది. స్వీడన్ బయట ఆయన పేరు మోగింది ఆ కామెడీతోనే. ఆ గెలుపు ఇచ్చిన బలంతోనే ‘సెవెంత్ సీల్’ తీయగలిగాడు. అంటే మనం ‘సీరియస్ డైరెక్టర్’ అంటున్న మనిషికి ప్రపంచం తలుపు తీసింది నవ్వు.

అంతకంటే ముందు, 1952లో ‘వెయిటింగ్ విమెన్’ అనే సినిమాలో ఒక భాగం ఉంది. పార్టీ నుంచి ఇంటికొస్తున్న దంపతులు లిఫ్ట్‌లో ఇరుక్కుపోతారు. మంచి బట్టలు, అలసిన కాళ్లు, ఏళ్ల తరబడి దాచుకున్న చిరాకులు, కదలడానికి చోటులేని పెట్టె. ఏవా డాల్‌బెక్, గున్నార్ బ్యోర్న్‌స్ట్రాండ్ ఆ చిన్న చోటులో చేసిన గొడవకి హాలు నవ్వులతో దద్దరిల్లుతుంటే బయట నిలబడి విన్నానని, తను తీసినదానికి జనం నవ్వడం అదే మొదటిసారి అని బెర్గ్‌మన్ తర్వాత రాసుకున్నాడు. ఆ నవ్వు విన్న మనిషికి నవ్వించడం రాదంటే ఎలా ఒప్పుకుంటాం?

పోనీ నటులు సరిపోలేదా అంటే, ఇంకా విచిత్రం. ‘ఆల్ దీజ్ విమెన్’లో విమర్శకుడు కార్నేలియస్‌గా వేసిన యార్ల్ కుల్లేనే ‘స్మైల్స్’లో కౌంట్ మాల్కమ్. ఫెలిక్స్ భార్యగా వేసిన ఏవా డాల్‌బెక్ అందులో నాటకాల నటి డెజిరే. హారియెట్ ఆండర్సన్ రెండింట్లోనూ ఉంది. దర్శకుడు అతనే, నటులు వాళ్లే. ఒకటి ఇప్పటికీ నవ్విస్తోంది, రెండోది పుట్టిన రోజునే చచ్చింది. తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే రెండు సీన్లను పక్కపక్కన పెట్టి చూడాలి.

‘స్మైల్స్’లో ఫ్రెడ్రిక్ ఎగర్‌మన్ నడివయసు వకీలు, పరువూ మర్యాదా ఉన్నవాడు. ఇంట్లో కూతురి వయసు భార్య. ఒక రాత్రి పాత ప్రియురాలు డెజిరే ఇంటికి వెళుతూ నీళ్లగుంటలో పడతాడు. తడిసిన బట్టలు విప్పి, ఆమె ఇచ్చిన నైట్‌షర్టు, టోపీ తగిలించుకుంటాడు. అవి ఆమె ప్రస్తుత ప్రియుడు కౌంట్ మాల్కమ్‌వి. అంతలో మాల్కమ్ స్వయంగా దిగుతాడు. సైన్యంలో పనిచేసే మనిషి, 20 గంటల సెలవు మీద వచ్చాడు. అందులో ప్రయాణానికెంత, ప్రియురాలికెంత, భార్యకెంత అని లెక్క కట్టి మరీ చెబుతాడు. ప్రియురాలి వాటా భార్య వాటా కంటే ఎక్కువ. గొంతు ఎక్కడా వణకదు. తన నైట్‌షర్టులో నిలబడ్డ వకీలుని చూసి ఆయన అరవడు, మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదే చంపేస్తుంది. భార్య ఎవరితో తిరిగినా సహిస్తాను గాని నా ప్రియురాలి జోలికొస్తే పులినవుతాను అంటాడు. తర్వాత భార్య విషయం వచ్చినప్పుడు ఇదే మాటని తిరగేసి అంతే సీరియస్‌గా చెబుతాడు. అప్పుడు ఎవరైనా నవ్వాల్సిందే.

ఇప్పుడు ‘ఆల్ దీజ్ విమెన్’లో అదే కుల్లే. కార్నేలియస్ ఫెలిక్స్ ఇంట్లో ఆయన విగ్రహంతో పెనుగులాడతాడు. పాత మూకీ సినిమా పద్ధతిలో సాగుతుంది ఆ ఘట్టం. కళ్లు తిప్పుతాడు, మూతి ముడుస్తాడు, చేతులు ఆడిస్తాడు. అయిపోయిందనుకుంటే మళ్లీ మొదలవుతుంది.

సత్యనారాయణపురంలో ఒక మిత్రుడి ఇంట్లో ఈ రెండు సినిమాలూ ఒకే వారంలో చూశాం. మిత్రుడి అమ్మగారు మాతో కూర్చున్నారు. ఆవిడకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదివే అలవాటు లేదు, కొడుకు అక్కడక్కడా చెబుతుంటే వింటున్నారు. నైట్‌షర్టు సీన్‌కి ఎవరూ ఏమీ చెప్పకముందే నవ్వేశారు. “పాపం, పెద్దమనిషి! ఇంటికెలా వెళతాడు ఆ చొక్కాతో?” అన్నారు. విగ్రహం సీన్ చూస్తూ మాత్రం “ఇతనికి ఆ బొమ్మతో ఏం పనిరా?” అని అడిగారు. కొడుకు దగ్గర సమాధానం లేదు. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆవిడ అడిగిన ఆ రెండు ప్రశ్నల్లో మొత్తం విషయం ఉందని నాకనిపిస్తుంది. మొదటి దాంట్లో ఆ మనిషి గురించి బెంగ ఉంది. రెండోదానిలో అతనికి ఏం కావాలో అర్థం కాలేదన్న విసుగుంది. ఫ్రెడ్రిక్ తను కామెడీలో ఉన్నానని అనుకోవడం లేదు. అతని దృష్టిలో అది బతుకులోకెల్లా అవమానకరమైన రాత్రి. మాల్కమ్‌కి తన లెక్క లెక్కే, తన పౌరుషం పౌరుషమే. కార్నేలియస్‌కి మాత్రం తను హాస్యపాత్రనని ముందే తెలుసు. ప్రతి కదలికలోనూ మనవైపు చూసి ‘నవ్వండి’ అంటున్నట్టుంటుంది. అలా అడిగితే నవ్వు రాదు.

మనవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. బెజవాడలో చదువుకున్న జంధ్యాల 1987లో తీసిన ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు చేసిన పిసినారి లక్ష్మీపతిని తలుచుకోండి. పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ కోడికూర తింటున్నట్టు ఊహించుకుని అన్నం తింటాడు. ఆ సీన్లో కోట ఎక్కడైనా నవ్వించడానికి ప్రయత్నించాడా? లేదు. శ్రద్ధగా, తృప్తిగా భోజనం చేశాడు. లక్ష్మీపతికి డబ్బు ఖర్చు కాకుండా ఉండటం ప్రాణంతో సమానం. ఆ ప్రాణసంకటం నిజమైంది కాబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కోడిని చూసి నవ్వుతున్నాం.

ఇక అసలు చిక్కుముడి. ఇంత తెలిసిన బెర్గ్‌మన్ 1964లో ఎందుకు తప్పటడుగు వేశాడు? నా సమాధానం: కోపం. ఆయనకి విమర్శకుల మీద పాత పగ ఉంది, అందుకు కారణమూ ఉంది. 1953లో ఆయన తీసిన ‘సాడస్ట్ అండ్ టిన్సెల్’ని ఇప్పుడు గొప్ప సినిమాగా లెక్కపెడతారు. విడుదలైనప్పుడు స్టాక్‌హోమ్ పత్రికలో ఒకాయన అది బెర్గ్‌మన్ కక్కుకున్న వాంతి అని, దాన్ని పరిశీలించడానికి ఒప్పుకోనని రాశాడు. ఎంత పెద్ద మనిషైనా అలాంటి మాట మర్చిపోతాడా? 1960లో బెర్గ్‌మన్ ఎర్నెస్ట్ రిఫె అనే మారుపేరుతో స్వీడన్ సినిమా పత్రిక ‘చాప్లిన్’లో తన మీద తానే ఘాటైన విమర్శ రాసి అచ్చేయించాడు. నా దృష్టిలో ఆ ఎత్తు మంచి హాస్యమే, ఎందుకంటే దెబ్బ ముందు తనకే తగిలింది. ‘ఆల్ దీజ్ విమెన్’కి వచ్చేసరికి దెబ్బ మొత్తం ఎదుటివాడికి పోయింది. స్క్రిప్టుని పాత స్నేహితుడు, నటుడు ఎర్లండ్ జోసెఫ్‌సన్‌తో కలిసి ‘బుంటెల్ ఎరిక్సన్’ అనే మారుపేరుతో రాశాడు. అందులో విమర్శకుడు అసూయపరుడు, ఆత్రగాడు, కళ తెలియనివాడు, పిరికివాడు. ఒక్క మంచి గుణం లేదు, ఒక్క నిజమైన బాధ లేదు. అలాంటి మనిషి గుంటలో పడినా మనకి ‘పాపం’ అనిపించదు. పాపం అనిపించని చోట నవ్వు ఎక్కువసేపు నిలవదు.

దీనికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. సినిమా మొత్తంలో మహా కళాకారుడు ఫెలిక్స్ ముఖం చూపించడు. వీపు కనిపిస్తుంది, చెల్లో వినిపిస్తుంది, ముఖం లేదు. దీన్ని చమత్కారంగా భావించి ఉంటారు. కళాకారుడు అందనివాడు, విమర్శకుడు ఎంత వెతికినా దొరకడు అని అర్థం. కానీ దాని ఫలితం చూడండి. కళాకారుడి వేషంలో ఉన్న బెర్గ్‌మన్ తెర చాటున క్షేమంగా ఉండిపోయాడు. ఏడుగురు ఆడవాళ్లతో కాపురం చేస్తూ అందరినీ ఆడించే మనిషిలో నవ్వదగ్గ విషయాలు కొల్లలు. అతని అహంకారం, పిరికితనం, అబద్ధాలు, సాయంత్రానికి ఎవరి గదికి వెళ్లాలన్న టెన్షన్. కామెడీ అంతా అక్కడుంది, దాన్నే ముట్టుకోలేదు. ‘స్మైల్స్’లో ఆ దయ చూపలేదు. అందులో ఫ్రెడ్రిక్ భార్య అతని కొడుకుతోనే లేచిపోతుంది. ఆ రాత్రే కౌంట్‌తో పిస్తోలు పందెంలో (వంతులవారీగా తలకి పెట్టుకుని కాల్చుకునే ప్రాణాంతకమైన ఆట) కూర్చుంటే, తూటాకి బదులు మసి పేలి ముఖమంతా నల్లబడుతుంది. ఆ వకీలులో బెర్గ్‌మన్ తన వయసు భయాలు, ఆడవాళ్ల ముందు తన తెలివితక్కువతనం పోసి, ఆ ముఖానికే మసి పూశాడని నా నమ్మకం. ఆ సినిమా రాసే రోజుల్లో ఆయన ఆరోగ్యం బాగాలేదు, మనసు ఇంకా బాగాలేదు, చావు గురించి ఆలోచించేంత దిగులులో ఉన్నానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ దిగులు కథ లోపల బరువుగా ఉంది కాబట్టే పైన నవ్వు అంత తేలిగ్గా తేలింది.

సాంకేతిక కారణాలూ చెబుతారు. రంగులు కొత్త, కెమెరామన్ స్వెన్ నిక్విస్ట్‌కీ బెర్గ్‌మన్‌కీ కలిసి పనిచేయడంలో రంగుల అనుభవం లేదు, సెట్లు బొమ్మరిల్లులా ఉన్నాయి అని. ఉండవచ్చు. ఈ సినిమా తర్వాత బెర్గ్‌మన్ మళ్లీ నలుపు తెలుపుకి వెళ్లిపోయి 1969 దాకా రంగుల జోలికి రాలేదు. కానీ రంగు బాగాలేదని నవ్వు మానేసిన ప్రేక్షకుణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో వాదన మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం. మాతో కలిసి చూసినవాళ్లలోనే ఒకరు గట్టిగా పట్టుబట్టారు: “ఆయన కావాలనే కృత్రిమంగా తీశాడు. మధ్యలో అక్షరాలు వేసి, ఈ బాణసంచాకి ప్రతీకాత్మక అర్థాలు వెతకొద్దు అని మనకే చెప్పాడు కదా! సెన్సార్‌కి ఇబ్బంది లేకుండా పడకగది సీన్‌ని డాన్సుగా మార్చి చూపించాడు కదా! ఇది కామెడీ మీద కామెడీ.” నిజమే, ఆ బాణసంచా మాట తెలివైన చురక. ఆయన ప్రతి సినిమాలో ప్రతీకలు ఏరుకునే వాళ్లకి తగలాల్సిన చోటే తగిలింది. నేనూ అక్కడ నవ్వాను. కానీ ఆ నవ్వు రావాలంటే ఆయన పాత సినిమాలు, వాటి మీద వచ్చిన రాతలు, సెన్సార్ గొడవలు తెలిసి ఉండాలి. అది కొద్దిమంది మధ్య నడిచే చతురు. గంటకు పైగా సాగే సినిమాని మోసే శక్తి దానికి లేదు. వంటింట్లోకి వెళ్లిన ఆవిడకి ఆ బాణసంచాతో ఏం సంబంధం?

మన దగ్గరా ఇదే తేడా కనిపిస్తుంది. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్ గోపాల్ వర్మ 1989లో ‘శివ’ తీసిన నాటి నుంచి భయాన్ని, హింసని చూపించడంలో ఆయన పట్టు అందరికీ తెలుసు. 1995లో ‘రంగీలా’, 1998లో ‘సత్య’ మధ్యలో, 1997లో హిందీలో ‘దౌడ్’ అనే పరుగుల కామెడీ తీస్తే అది ఆడలేదు. సంజయ్ దత్, ఊర్మిళ ఉన్నారు, ఏ.ఆర్.రెహమాన్ పాటలున్నాయి. తెర మీద వాళ్లు పరిగెడుతూనే ఉంటారు, దొరికిపోతారేమో అన్న భయం మాత్రం మనకి పుట్టదు. అదే వర్మ నిర్మాతగా, శివనాగేశ్వరరావు దర్శకత్వంలో 1993లో వచ్చిన ‘మనీ’ చూడండి. పనీపాటా లేని ఇద్దరు కుర్రాళ్లు డబ్బు కోసం ఒకావిడని ఎత్తుకెళితే, మొగుడు ఆమెని విడిపించుకోవడానికి సిద్ధంగా లేడు. కుర్రాళ్ల అవసరం నిజం, వాళ్ల భయం నిజం. బ్రహ్మానందం ఖాన్ దాదా కూడా తను నిజంగానే దాదా అని నమ్ముతాడు. అందుకే ఆ సినిమా జనం నోళ్లలో ఉండిపోయింది.

గంభీరమైన సినిమాలోకి నవ్వు ఎలా రావాలో చెప్పడానికి గుంటూరు హిందూ కాలేజీలోనూ, ఏసీ కాలేజీలోనూ చదువుకున్న కె.విశ్వనాథ్ ఉన్నారు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’కి మాటలు రాసింది జంధ్యాలే. శంకరశాస్త్రి స్నేహితుడు లాయర్ మాధవయ్యగా అల్లు రామలింగయ్య చేసిన పాత్రని తీసేసి చూడండి, ఆ సినిమాకి ఊపిరి ఆడదు. మాధవయ్య మాటలకి నవ్వుతాం, కానీ అతను నవ్వించడానికి అక్కడ లేడు. మొండి స్నేహితుడి గురించి అతనికి నిజమైన దిగులుంది. ఆ దిగులు నోట్లోంచి వచ్చేటప్పుడు ఎత్తిపొడుపుగా వస్తుంది. కామెడీ ట్రాక్ విడిగా అతికించే పద్ధతికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. విశ్వనాథ్ గారికి కామెడీ వచ్చా రాదా అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం రాలేదు.

బెర్గ్‌మన్ మూకీ హాస్యాన్ని వదిలేయలేదు కూడా. చిన్నప్పుడు గోడ మీద బొమ్మలు ఆడించే యంత్రంతో ఆడుకున్న రోజుల నుంచి ఆయనకి ఆ పిచ్చి ఉంది. 1949 నాటి ‘ప్రిజన్’ సినిమా కోసం పాత మూకీలని అనుకరిస్తూ చిన్న ప్రహసనం తీశాడు. 1966లో ‘పెర్సోనా’ మొదట్లో వచ్చే బొమ్మల వరసలో ఆ ముక్క మళ్లీ కనిపిస్తుంది. అక్కడ అది క్షణాల పాటు మెరిసి పోతుంది, గగుర్పాటుతో కలిసిన నవ్వు వస్తుంది. అదే సరుకుని ‘ఆల్ దీజ్ విమెన్’లో పూర్తి నిడివి సినిమాకి సాగదీశాడు.

ఆయన ఈ లెక్క సరిచేసుకున్నది ‘ఫానీ అండ్ అలెగ్జాండర్’లో అని నేను అంటాను. 1982లో వచ్చింది, నాలుగు ఆస్కార్లు గెలిచింది. అందులో ఎక్‌డాల్ కుటుంబం ఇంట్లో క్రిస్మస్ రాత్రి. కార్ల్ బాబాయి పిల్లల్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, ప్యాంటు విప్పి, గాలి వదిలి కొవ్వొత్తులు ఆర్పుతాడు. పిల్లలు ఎగిరి గంతులేస్తారు. ఇంతకంటే మోటు హాస్యం ‘ఆల్ దీజ్ విమెన్’లో కూడా లేదు. అదే రాత్రి కార్ల్ పడకగదిలో భార్య ముందు కూలబడి అప్పుల గురించి, తన చేతకానితనం గురించి ఏడుస్తాడు, ఆమెని కసరతాడు. పిల్లల ముందు ఆ కోతి చేష్ట ఎందుకు చేశాడో మనకి అప్పుడు తెలుస్తుంది. అతని అన్నదమ్ముడు గుస్తావ్ అడాల్ఫ్ ఆ ఇంటి పనిపిల్ల మాయ్ గదిలో దూరి మంచం విరగ్గొడతాడు. భార్యకి ఆ సంగతి తెలుసు. అతను ఆకలి, ఆశ, ఉత్సాహం పట్టలేని మనిషి. ఎవరికీ చెడు చేయాలనుకోడు, అయినా చేస్తూనే ఉంటాడు. చివర్లో కుటుంబమంతా కూర్చున్న బల్ల చుట్టూ తిరుగుతూ, చిన్న ప్రపంచంలో సంతోషంగా ఉందాం అని అతను మాట్లాడుతుంటే జనం నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటారు. ఆ గుస్తావ్ అడాల్ఫ్‌గా వేసింది యార్ల్ కుల్లేనే, పద్దెనిమిదేళ్ల కిందట విగ్రహంతో కుస్తీ పట్టిన కార్నేలియస్.